నాలుగో సరుకు గది

హాలిఫాక్స్,
సోమవారం.

చిరంజీవి సౌభాగ్యవతి సరోజకు,

అక్క ఆశీస్సులు. ఇక్కడ క్షేమమని రాయడం మన ఇంటి మర్యాద కనుక రాస్తున్నాను, ఒంటికి క్షేమమే. మీ ఇంటిల్లిపాదీ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను.

“ఎనభై ఒకటో ఏట తుప్పు ఓడతో నీకేం పని అక్కా, ఎడ్మంటన్‌లో వాసవి దగ్గర ఉండరాదా?” అని అడిగావు. కూతురి ఇంట్లో వారం బాగానే ఉంటాను. ఎనిమిదో రోజు నా కాఫీ నేనే కలుపుకోవాలి. అయినా ‘బోరియల్’ తుప్పు ఓడ కాదు. అణుశక్తితో నడిచిన సరుకు ఓడలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఈ ఓడలో రేడియేషన్ కొలిచిన ఏకైక స్త్రీని నేను. ఇంధనం తీసేసి దశాబ్దాలయింది. మ్యూజియం చేయమని మా సంఘం పదకొండు అర్జీలు పెట్టింది. గురువారం ఆఖరి విచారణ. ఓడిపోతే వచ్చే నెలలో ముక్కలు చేస్తారు.

అడ్డం ఒక్కటే. నాలుగో సరుకు గదిలో రేడియేషన్ ఉందని 1974 నాటి కొలతల పుస్తకంలో ఉంది. అప్పుడే తలుపు వెల్డింగ్ చేసి మూసేశారు. ఆ రాత తప్పని తేలితే తప్ప తెరవనివ్వరట.

సంఘం కార్యదర్శి స్నేహ, హైదరాబాద్ అమ్మాయి, నిన్న ఆ పేజీ జిరాక్స్ తెచ్చింది.

“చూడండి ఆంటీ, మిగతా మూడు రూమ్స్ క్లీన్, ఇదొక్కటే హై! ఈ అర్థంకాని సైన్ చేసిన మహానుభావుడు దొరికితేనా, హియరింగ్‌కి ఈడ్చుకెళ్తా.”

“పోయి ఉంటాడులే.”

“పోయినా వదలను. మీరేమైనా గుర్తుపడతారా?”

కళ్లజోడు లేదన్నాను. అది నా మెడలోనే వేలాడుతోంది.

నాన్నగారి చేతిగడియారం ఏమైందని మూడు ఉత్తరాలుగా అడుగుతున్నావు. చిన్నప్పుడు దుప్పటిలో దూరి ఆ ఆకుపచ్చ అంకెలు చూసేవాళ్లం, గుర్తుందా? ఆ వెలుగు రేడియానిది. పనిలోకి దిగేముందు గడియారం తీసెయ్యాలన్నది నియమం. నేను పదిమందికి నేర్పిన నియమం. నాలుగో గది కొలిచిన రోజు నాన్నగారి తద్దినం. పరాయి దేశంలో మరేమీ చేయలేక ఆయన గడియారం కట్టుకుని దిగాను. మీటరు నా మణికట్టునే కొలిచింది.

రెండు నెలలకు గ్రహించాను. అప్పటికే తలుపు మూసేశారు. నేను ఎప్పుడు తడబడతానా అని మగవాళ్లు కాచుకుని ఉన్నారు. నోరు విప్పలేదు. తప్పు చేయనిదన్న పేరుతో యాభై ఏళ్లు తలెత్తుకు తిరిగాను, సరోజా. ఆ తలపొగరే ఇప్పుడు ఓడను చంపుతోంది.

ఉత్త మాట చెబితే ముసలిది కట్టుకథ అల్లిందంటారు. మిగిలిన రుజువు గడియారమే. అంకెల వెలుగు ఎప్పుడో ఆరిపోయింది, రేడియం ఆరలేదు. మీటరు దగ్గర పెడితే ఇప్పటికీ అరుస్తుంది. గురువారం విచారణలో దాన్ని అప్పగిస్తే తిరిగి ఇవ్వరు. నా తర్వాత నీదని మాటిచ్చాను. ఎవరినీ ఏదీ అడగనిదాన్ని, నిన్ను క్షమించమని అడుగుతున్నాను.

ఇది నీకు చేరేసరికి గురువారం దాటిపోతుంది. కావాలనే పోస్టులో వేస్తున్నాను. ఫోన్ చేస్తే నువ్వు వద్దంటావు. నేను వింటానేమోనని భయం.

ఇట్లు,
ఆ పేజీలో సంతకం చేసిన మీ అక్క,
కమలకుమారి