చంద్రి పాలు ఎవరూ తాగొద్దు

జూలై 12

చంద్రి పొద్దున పాలు పితకనివ్వలేదు. కాలెత్తి తన్నింది. గిన్నె ఎగిరి గోడకు కొట్టుకుంది. చూస్తే వెనక వైపు ఒక చన్ను రాయిలా గట్టిపడింది, ముట్టుకుంటే కాలుతోంది. కాస్త పిండితే విరిగిన పాలలాగా పలుకులు వచ్చాయి.

అత్తమ్మ పసుపు నూరి పూసింది. "ఈనిన బర్రెకు గిట్లనే అయితది, రేపటికల్ల తగ్గుతది తియ్" అంది. నాకలా అనిపించడం లేదు. మేం బతకొచ్చిన ఈ భేస్తాన్‌లో వాన నీళ్లు ఎటూ పోవు, మా కొట్టంలోకే వస్తాయి. చంద్రి ఆ బురదలోనే పడుకుంటోంది. కింద ఇసుక పోయించమని మా ఆయన పరమేశ్‌కి చెబుతూనే ఉన్నాను. బట్టల మిల్లులో లూమ్ నడిపి వచ్చేసరికి ఆయనకు నిలబడే ఓపిక ఉండదు.

జూలై 13, మధ్యాహ్నం

మేత ముట్టలేదు. చెవులు వేలాడేసింది. అత్తమ్మను అడగకుండానే పశువుల డాక్టర్‌కి ఫోన్ చేశాను. హేతల్ బెన్ అని, గుజరాతీ ఆవిడ. స్కూటీ మీద తడుస్తూ వచ్చింది.

పొదుగువాపు అంది. చెడిన చన్ను మొత్తం పిండేసి, మెడ కండలో ఇంజెక్షన్ వేసింది. సూది దిగుతుంటే చంద్రి ఒళ్లంతా వణికింది. నేను కళ్లు మూసుకున్నాను.

రోజూ వచ్చి సూది వేస్తానంది. పోతూ పోతూ రెండు మాటలు గట్టిగా చెప్పింది. వాపు దిగింది కదా అని కోర్సు మధ్యలో ఆపకూడదు. కోర్సు నడిచినన్నాళ్లూ, అయిపోయాక తను సరే అనేదాకా, చంద్రి పాలు ఎవరూ తాగొద్దు, దూడ కూడా. అత్తమ్మ తల ఊపింది. హిందీ అంతా అర్థమైందో లేదో తెలియదు. నేను మళ్లీ తెలుగులో చెప్పాను. అప్పుడూ తల ఊపింది.

జూలై 14

పాలు మోరీలో పోశాను. నీళ్లు తెల్లగా పారాయి. గల్లీలో వాళ్లు నిలబడి చూశారు. అత్తమ్మ లోపలికి వెళ్లి తలుపేసుకుంది. దూడ ఒకటే అరుపు. ప్యాకెట్ పాలు పడితే మూతి తిప్పుకుంటోంది.

జూలై 15, సాయంత్రం

వాపు దిగింది. మేత తింటోంది. ఊపిరి పీల్చుకుందామనుకున్నాను.

లూమ్‌కి టిఫిన్ ఇచ్చి వచ్చేసరికి పాల క్యాను కడిగి బోర్లించి ఉంది. ఎందుకు కడిగారని అడిగాను. అత్తమ్మ చెప్పింది. చెడిన చన్ను పాలు పారబోసి, మిగతావి రోజూ పోసే ఇళ్లకు పోసి వచ్చిందట. "ఆ మూడు సన్నులు మంచిగనే ఉన్నయి గద! పాడైనదాంట్ల చుక్క గూడ కలపలే."

మందు రక్తంలో కలుస్తుంది అత్తమ్మా, అన్ని చన్నుల్లోకీ వస్తుంది అన్నాను. "ఇంజెక్షన్ మెడకేసిండ్రు, పొదుగుకు గాదు" అంది. అబద్ధం చెప్పే మనిషి కాదు. నిజంగానే అలా అనుకుంటోంది.

ఎవరెవరికి పోసిందో అడిగాను. పక్కింటి ప్రమీలక్క ఇల్లు కూడా ఉంది. ఇప్పుడే వెళ్లి చెప్పాలి. చెబితే రేపటి నుంచి మా గడప ఎవరూ తొక్కరు. పరమేశ్ వచ్చాక మాట్లాడదామని ఆగాను.

జూలై 16, పది గంటలకు, ఆస్పత్రి

ఆగకుండా ఉండాల్సింది.

పొద్దున ప్రమీలక్క కేకకు బయటికి పరుగెత్తాను. వాళ్ల రెండేళ్ల పాప సింధూజకు ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు ఉబ్బిపోయాయి. పాప పాలు తప్ప ఏమీ తాగలేదంటోంది. షేరింగ్ ఆటోలో నేనూ ఎక్కాను. దారంతా ప్రమీలక్క నా చెయ్యి పట్టుకునే ఉంది. ఆ చెయ్యి తీసేయమని ఎలా చెప్పను.

ఇక్కడ డాక్టర్ పాప ఏం తిందని అడిగాడు. చెప్పేశాను. మా బర్రెకు ఇంజెక్షన్లు నడుస్తున్నాయి, ఆ పాలే అని. ప్రమీలక్క నా చెయ్యి వదిలేసింది.

మందు పేరు కోసం హేతల్ బెన్‌కి ఫోన్ చేశాను. పేరు చెప్పింది, పెన్సిలిన్ జాతి అంది. ఇంకోటి కూడా చెప్పింది. ఇప్పుడే మా ఇంటికి వెళితే అత్తమ్మ సూది వేయనివ్వకుండా వెనక్కి పంపించిందట.

ఒంటి గంట

పెదాల వాపు తగ్గుతోంది. పాలవల్లే అని ఖాయంగా చెప్పలేనని, కాదని కూడా అనలేనని డాక్టర్ అన్నాడు. పోయినేడు ఏదో ఇంజెక్షన్‌కి కూడా పాపకు ఇలాగే దద్దుర్లు వచ్చాయని ప్రమీలక్క చెప్పింది, గోడ వైపు చూస్తూ. నేను అక్కడుండడం ఆమెకు ఇష్టం లేదు. నడిచి వచ్చేశాను.

జూలై 17

"ఇంటి గుట్టు రోడ్డు మీద వెట్టినవ్" అంది అత్తమ్మ. అంతే. ఆ తర్వాత మాట లేదు. పరమేశ్ ఎవరి పక్షానా మాట్లాడలేదు, కానీ షిఫ్ట్‌కి పోయే ముందు ఇసుక బస్తాలు తెచ్చి కొట్టంలో పోశాడు.

చంద్రికి మళ్లీ జ్వరం. చన్ను మళ్లీ రాయి అయింది. ఇంజెక్షన్ వల్లే పాపకు అలా అయిందని, ఇక సూది పడనివ్వనని అత్తమ్మ పట్టు. కూర్చోలేకపోతున్నాను. కొట్టానికీ ఇంటికీ తిరుగుతున్నాను.

జూలై 18

ఇంకో ఊళ్లో పశువులు చూస్తున్న హేతల్ బెన్‌ని వెతుక్కుంటూ వెళ్లి తీసుకొచ్చాను. బాగా తిట్టింది. పాల శాంపిల్ ల్యాబ్‌కి తీసుకుంది, మందు మార్చింది, మళ్లీ మొదటి నుంచి కోర్సు అంది. చన్ను దక్కుతుందో లేదో చెప్పలేనంది.

అత్తమ్మ అడ్డంగా నిలబడింది. హేతల్ బెన్ కోప్పడలేదు. సింధూజ ఎలా ఉందని మాత్రం అడిగింది. అత్తమ్మ ముఖం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. పక్కకు జరిగింది. తర్వాత తానే వెళ్లి చంద్రి తల పట్టుకుంది.

జూలై 19

వానలో అత్తమ్మ ప్రమీలక్క గడప ముందు కూర్చుంది. తలుపు తెరవలేదు. గొడుగు తీసుకెళ్లాను, వద్దని చెయ్యి ఊపింది. చాలాసేపటికి ప్రమీలక్క తలుపు తీసి, "ఎందుకు తడుస్తున్నవ్ పెద్దవ్వా, లోపలికి రా" అంది. లోపల ఏం మాట్లాడుకున్నారో అత్తమ్మ చెప్పలేదు. పాపకు దద్దుర్లు పోయాయని మాత్రం చెప్పింది. రెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

జూలై 21

పాలు మోరీలో అత్తమ్మే పోసింది. దగ్గరికొచ్చిన వాళ్లందరికీ తానే చెప్పింది, "మందు నడుస్తుంది, ముట్టద్దు."

జూలై 25

కోర్సు అయిపోయింది. జ్వరం లేదు. చెడిన చన్ను మాత్రం ఎండిపోయింది, ఇక పాలు రావు. చంద్రి బతికింది.

జూలై 31

పాలు వాడుకోవచ్చని హేతల్ బెన్ చెప్పింది. ప్రమీలక్క ప్యాకెట్ పాలే తెచ్చుకుంటోంది. అత్తమ్మ చంద్రి పాలతో చాయ్ కాచి నా ముందు పెట్టింది. గ్లాసు పట్టుకున్నాను, తాగలేకపోయాను. మీగడ కట్టేదాకా అలాగే ఉంది. అత్తమ్మ ఆ చల్లారిన చాయ్ తీసుకుని తానే తాగేసింది.

"రేపు తాగుదువు తియ్" అంది.