బాపు ఇచ్చిన జమ్మి ఆకు

దసరా, రాత్రి. నల్లగండ్ల.

బాపుకు మతిమరుపు జబ్బు వచ్చాక ఇది మూడో దసరా. సాయంత్రం మా అపార్ట్‌మెంట్ కింద జమ్మి పూజ కాగానే అందరం ఆకులు పంచుకున్నాం. చిన్నవాళ్లు ఆ ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కాలి కదా. నేను వంగేలోపే బాపు నా చేతిలో ఆకు పెట్టి, నా కాళ్ల మీదికి వంగాడు.

"బాపూ, నేను నీ బిడ్డను" అనబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఆయన లేవడం లేదు.

"దీవియ్యవేందమ్మా?" అన్నాడు.

తల మీద చేయి పెట్టి "సల్లగుండు కొడుకా" అన్నాను. లేచి నవ్వాడు. ఆ నవ్వు ఏ వయసుదో తెలుసుకోవాలనిపించింది.

"నీకిప్పుడు ఎన్నేండ్లు బిడ్డా?"

"కన్నదానివి నువ్వు. నన్నడుగుతవేంది?"

నవ్వాపుకోలేకపోయాను. ఇప్పుడు మాత్రం, అలా ఆయన అమ్మలా నటించడం మోసమేమోనని లోపల గుచ్చుతోంది. కానీ ఇన్నాళ్లూ రోజూ నా పేరు అడిగి, తప్పు చెబితే విసుక్కుని నేను సాధించిందేముంది?

నానమ్మ నేను పుట్టకముందే పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. ఆమె ఎలా ఉండేదో ఇక బాపుకే తెలుసు. రేపు పొద్దున కూడా బాపు నన్ను అమ్మా అని పిలిస్తే, నా చేతి వంటల్లో ఏది ఇష్టమో అడగాలి. కోపమొస్తే నేను ఏమని తిట్టేదాన్నో కూడా.