పీచ్ ఆవకాయ

తుబ్లీ, మే నెల, గురువారం రాత్రి

కుండీలోని పీచ్ చెట్టు తొలిసారి కాసింది. పండేదాకా ముట్టుకోవద్దని మనవరాలు శ్రావ్య రోజూ బతిమాలేది. ఈ ఎడారి ఎండకు రాలిపోతాయని, అది బడికి వెళ్ళగానే పచ్చికాయలన్నీ కోసి ఆవకాయ పెట్టేశాను.

"అమ్మమ్మా, నా పళ్ళేవీ?"

"జాడీలో ఉన్నాయి. చెట్టుకుంటే పిట్టలు తినేవి."

"నేను కాపలా ఉంటానన్నాగా!"

ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. రాత్రి అన్నంలో ఆ ఆవకాయే కలుపుకుంది. నేనూ ఓ ముక్క కొరికాను. వగరు, పైగా నోటినిండా నూగు. పిల్లకోసం ఒక్క కాయన్నా వదలాల్సింది.

"బావుంది అమ్మమ్మా," అంది నా మొహం చూసి.

ఎదుటివాళ్ళు నొచ్చుకోకుండా అబద్ధమాడటం ఎవరి దగ్గర నేర్చుకుందో! నా దగ్గరైతే కాదు. నేను ఇన్నేళ్ళలో ఎవరి వంటనూ మెచ్చుకున్న పాపాన పోలేదు.