యాకూబ్ చాచా లాగిన్

మంగళవారం, రాత్రి

హైదరాబాద్ ల్యాబ్ నుంచి రోజూ తెల్లారేసరికి మా దవాఖానా కంప్యూటర్‌లోకి వాటంతటవే డౌన్‌లోడ్ కావాల్సిన రక్తపరీక్షల రిపోర్టులు మూడు రోజులుగా రావడం లేదు. కాశిబుగ్గ నుంచి ఒకావిడ మూడుసార్లు వచ్చి ఉత్తచేతులతో వెళ్లింది. పర్మిషన్ లేదంటుంది సాఫ్ట్‌వేర్.

ఈరోజు కారణం దొరికింది. ఆ డౌన్‌లోడ్ షెడ్యూల్ నడిచేది ఇన్నాళ్లూ ఇక్కడ కంప్యూటర్ పని చూసిన యాకూబ్ చాచా లాగిన్‌తో. ఆయన రిటైరయ్యాడని శనివారం దాన్ని తీసేసింది నేనే.

"ముసలాయన పోతూ పోతూ ఏదో చేసిపోయిండు," అన్నారు మేనేజర్ సార్. నేను తలూపాను. ఎందుకు ఊపానో!

షెడ్యూల్‌ను నా లాగిన్‌కు మార్చగానే రిపోర్టులన్నీ వచ్చేశాయి. సాయంత్రం చాచా ఫోన్ చేశాడు.

"రిపోర్టులు ఆగినయంట గదా బిడ్డా. నేనేమన్న తప్పు చేసిన్నా? ఒకటే ఫికరైతాంది. జర చూసి చెప్పు."

"ఇంకా చూస్తానం చాచా," అన్నాను. "ఏందో తెల్వలే."