కుట్లు వేసిన పళ్ళెం

నా తల్లి విజయరాణికి, అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ మోకాలు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. మీరంతా వేళకు తిని, పిల్లలకు దగ్గు తగ్గి చల్లగా ఉన్నారని తలుస్తాను. తగ్గకపోతే నా దగ్గర దాచకు.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని కోప్పడకు. నా గొంతు వింటే పట్టేస్తావు. మన ఊరి నర్సింగ్ ఈ రాత్రి విమానానికి ఊరికి వస్తున్నాడు, సాయంత్రం నేనుండే అమ్వాజ్‌కు వచ్చి ఈ ఉత్తరం తీసుకుంటానన్నాడు.

మా మేడం ఆ పాత పళ్ళేలతో ఏం చేస్తుందని అడిగావు కదా. వాటిలో తినదు. అల్మారా నిండా నిలబెట్టి చూసుకుంటుంది. వాళ్ల ఇంగ్లండులో వెనకటి తరాలవాళ్లు చేసినవట. ఇనుపరాయి పింగాణీ అంటారట. ఇనుమేమీ లేదు కానీ ఎత్తితే చెయ్యి లాగుతుంది. నీలం ఆకులు, ఎర్రపూలు చేత్తో దిద్దినవి, అందుకే ఒక ఆకు పెద్దది, ఒకటి చిన్నది. ఇంటి డ్రైవర్, సర్వర్ అని, మన జగిత్యాలవాడే, ఆడపిల్లల తండ్రి. ఆ పార్సిళ్లు మోసి మోసి, "గిన్ని పళ్లాలు, ఇంట్ల ఒక్క మనిషి. పెండ్లేమన్న పెట్టుకున్నమా అమ్మా?" అని నవ్విస్తాడు. నా చాయ్ తాగిన ప్రతిసారీ "చక్కెరకు కరువొచ్చిందా?" అంటాడు.

నీకు చెప్పనిది ఒకటుంది. వాటిలో ఒక పళ్ళెం నడిమికి పగిలింది. ఎప్పుడో ఎవరో వెనకనుంచి తీగముక్కలతో కుట్లు వేశారు. మేడం మొదట కొన్నది అదేనట, అదంటే ప్రాణం. ఎల్లుండి ఆమెకు గుండె ఆపరేషన్. పగిలిన పళ్ళెం మనమైతే గడప లోపల ఉంచుతామా? దాన్ని ఇంట్లో నిలబెట్టి మనిషి ఆసుపత్రికి ఎలా పోతుంది? ఆమె తిరిగొచ్చేదాకా అనుకొని తీసి, ఇంటి బయట నా గదిలో, పెట్టెలో చీరల మధ్య పెట్టాను.

నిన్న మేడం అల్మారా చూసింది. పళ్ళేలు మోసేది సర్వరే కనుక అతణ్ణే అడిగింది. "నేను తియ్యలే మేడం, పిల్లల మీద ఒట్టు" అన్నాడు. ఆమె కారు తాళాలు తీసుకుంది. రేపు కఫీల్, అదే వీసా ఇచ్చినాయన, వచ్చి అతణ్ణి మన దేశానికి పంపించేస్తాడట. నేను తలుపు పక్కనే ఉన్నాను. నిజం చెప్పకుండా వంటింట్లోకి పోయాను తల్లీ. నన్నే పంపేస్తే నీకు బరువవుతానని.

ఇప్పుడు మేడం దగ్గరికి పోతున్నాను. ఏం జరిగిందో వచ్చి కింద రాస్తాను.

వచ్చాను. మేడం అరవలేదు. పళ్ళెం తిప్పి కుట్ల మీద వేలు రాసింది. ఎందుకు తీశానో చెబితే, "నాకేమన్నా అవుతుందని భయపడ్డావా?" అంది. సర్వర్‌ను పిలిచి తాళాలు చేతిలో పెట్టి, పొరబడ్డానని చెప్పింది. పళ్ళేన్ని మాత్రం మళ్లీ అక్కడే నిలబెట్టింది. నా గుబులు నాకే ఉంది. ఎల్లుండి పొద్దున్నే మల్లన్నకు మేడం పేరున కొబ్బరికాయ కొట్టించు.

సర్వర్‌కు చాయ్ ఇచ్చాను, కావాలనే చక్కెర వెయ్యకుండా. మొత్తం తాగాడు. కప్పు కింద పెట్టి వెళ్లిపోయాడు. చక్కెర మాటే ఎత్తలేదు.

ఇట్లు,
నిన్నే తలుచుకునే నీ అమ్మ,
ముత్తెమ్మ