పచ్చ అట్ట పుస్తకంలో వడ్రంగి చావలేదని మనవి

‘ఊరంతా ఒకే పుస్తకం’ కార్యక్రమం అధికారి గారి సముఖమునకు, గ్రంథాలయం వెనక సందులో వడ్రంగి పని చేయు పెద్దవాడు రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వస్తువుల పోటీలో నా బల్లను పక్కన పెట్టుట, బతికున్న వడ్రంగిని చచ్చాడనుట, మా ఇంటావిడ అబద్ధం చెప్పిందని నలుగురిలో అనుట గురించి.

తమరు ఈ ఏడు ఇంటింటికీ ఒక పచ్చ అట్ట నవల పంచి, ఊరంతా ఇదే చదవాలి, చదివి పోటీలకు రావాలి అని మైకులో చెప్పించిన సంగతి తమరికి తెలిసినదే. నేను చదువుకున్నవాణ్ణి కాను. కొలతలు రాస్తాను. సంతకం చేస్తాను. నా మాటైతే వంకరటింకరగా రాసుకుంటాను. ఇంకొకరు రాసింది కూడబలుక్కుంటే ఒక వాక్యం చదువుతాను గానీ చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతాను. కనుక మా ఇంట్లో పుస్తకం ఆవిడ చదువుతుంది, నేను వింటాను. వినుట చదువుట కిందికి రాదని తమరి కాగితంలో ఎక్కడా లేదు.

1. సదరు పుస్తకంలో ఒక వడ్రంగి కలడు. మొదట్లో వాడు నాకు నచ్చలేదు. ఉలి ఎటు పట్టుకోవాలో రాసినాయనకే తెలియదు, ఇక వాడికేం తెలుస్తుంది. ఏడో అధ్యాయంలో కప్పు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అక్కణ్ణుంచి కథ పుంజుకుంది. వడ్రంగి నోరు విప్పాడు, పెళ్లాంతో పోట్లాడాడు, టీ కొట్టు దగ్గర పేకాట మానేశాడు. అచ్చం నా పోలికే. నేను కూడా సాయంత్రం పేక ముక్కలు పక్కన పడేసి, ఇవాళ ఏం చేశాడో విందామని ఇంటికి పోతున్నాను. ఊళ్లో అందరి ఇళ్లలోనూ పుస్తకం అయిపోయిందట. మా ఇంట్లో ఇంకా నడుస్తున్నది. మా ఆవిడ నిదానంగా చదువుతుంది.

2. ‘పుస్తకంలోని ఒక వస్తువును చేసి తీసుకురండి’ అన్నారు. పుస్తకంలో వడ్రంగి తన పెళ్లానికి వంటగది గుమ్మంలో కూర్చుని కూరలు తరుగుకొనుటకు ఒక బల్ల చేస్తాడు. వీపు ఆనించుకునేలా ఉంటుంది. లేచేటప్పుడు పట్టుకొనుటకు చెయ్యి ఉంటుంది. ఆ చేతికింద కళ్లజోడు పెట్టుకొనుటకు చిన్న అర. నేను అదే చేశాను. మేకు లేకుండా చేశాను. ఇలాంటిదే ఇంట్లోకి కావాలని మా ఆవిడ ఎప్పట్నుంచో అంటూనే ఉన్నది. ఇంటి పనికి తొందరేముంది, పోటీకి గడువున్నది.

3. పోటీనాడు గ్రంథాలయం హాల్లో జడ్జి పంతులమ్మగారు బల్ల చుట్టూ తిరిగి చూసి,

“తాతగారూ, పని చాలా బాగుంది. కానీ ఈ పుస్తకంలో బల్ల లేదండీ” అన్నది.

“వడ్రంగి చేస్తాడు కదమ్మా.”

“ఏ వడ్రంగండీ?”

“ఎంతమంది ఉన్నారేంటి? ఒకడేగా!”

“ఆయన ఏడో అధ్యాయంలోనే కప్పు మీంచి పడి పోయాడు కదండీ.”

“పడ్డాడు, లేచాడు. కాలికి కట్టు కట్టారు. మీరు సరిగ్గా చదవలేదమ్మా, ఇంటికెళ్లి మళ్లీ చదవండి.”

హాలంతా నవ్వు. ఎందుకు నవ్వారో నాకు తెలియలేదు. పంతులమ్మగారు అడిగింది: “మీకెవరు చదివి పెట్టారు?”

“మా ఆవిడ.”

“అయితే ఆవిడ మీకు అబద్ధం చెప్పారండీ.”

అయ్యా, బల్లకు వంక పెడితే పడతాను. (వంక లేదు, అది వేరే సంగతి.) మా ఆవిడ ఇంతకాలంలో నన్ను తిట్టింది, నా ముఖాన తలుపేసింది, చుట్టాల ముందు పరువు తీసింది. అబద్ధం మాత్రం చెప్పలేదు. ఆ మాట వెనక్కి తీసుకొనేదాకా నేను ఆ హాలు గడప తొక్కను.

4. మొదటి బహుమతి బ్యాంకు గుమాస్తా తెచ్చిన అగ్గిపుల్లల ఇంటికి ఇచ్చినారు. ఫ్యాను వేయగానే దాని కప్పు లేచి జడ్జీల ఒళ్లో పడింది. ఆ కప్పు మీంచి పడితే ఎవడూ చావడు.

5. నా బల్లను హాల్లోనే ఉంచేశారు. గ్రంథాలయం ఆయన భోజనం కాగానే దాని మీద వాలి గురక పెట్టుచున్నాడు. బల్ల మంచిదని దీనినిబట్టి తేలుచున్నది.

కావున జడ్జీలచేత పుస్తకం మొదట్నుంచీ చదివించి, వడ్రంగి బతికే ఉన్నాడని మైకులో చెప్పించి, మా ఆవిడకు క్షమాపణ ఇప్పించవలెను. ఇందులో అక్షరాలు వంకరగా ఉండవచ్చును, మాట వంకర లేదు. అటులనే చిత్తగించవలెను.

తమ విధేయుడు
(ఇలా రాయాలని గ్రంథాలయం ఆయన చెప్పాడు. నేనెప్పుడూ ఎవరికీ విధేయుణ్ణి కాను.)
వడ్రంగి

తా.క.: అర్జీ మడవబోతూ, బాగా కుదిరిందిగదా అని మా ఆవిడకు చదివి వినిపించాను. కత్తిపీట ముందు కూర్చున్నది తరగడం ఆపింది.

“ఇది ఇవ్వకు” అంది.

“ఎందుకివ్వను? నిన్నంటే ఊరుకుంటానా?”

“వాడు చచ్చిపోయాడయ్యా.”

“ఎవడు?”

“నీ వడ్రంగి. ఏడో దాంట్లోనే. ఆ పంతులమ్మ చెప్పింది నిజమే.”

పుస్తకం తెచ్చి, పేజీ తీయించి, అక్షరం కింద వేలు పెట్టుకుంటూ నేనే చదివాను. ఒక్కటే వాక్యం. ఈసారి చివరికొచ్చినా మొదలు మర్చిపోలేదు.

“మరి ఇన్నాళ్లూ చదివిందేంటి?”

“పేజీలు తిప్పాను. నోటికొచ్చింది చెప్పాను.”

“బల్ల?”

“అది నాక్కావాలి. ఎన్నిసార్లు అడిగాను? నేనడిగితే చెయ్యలేదు, పుస్తకంలో ఉందంటే చేశావు. అదీ పట్టుకెళ్లి వాళ్లకిచ్చొచ్చావు.”

“సరే, బల్ల కోసమే అనుకో. వాణ్ణి అన్నాళ్లు బతికించడం ఎందుకు?”

“చచ్చాడని చదివుంటే మర్నాడు సాయంత్రం నువ్వు ఇంట్లో ఉండేవాడివా? పేకాటకి పోవూ?”

అయ్యా, తమరు చదువుకున్నవారు. దీనికి జవాబు తమరి దగ్గర ఉంటే చెప్పండి.

కాబట్టి అర్జీ కొంచెం మార్చుకుంటున్నాను. వడ్రంగి విషయంలో పంతులమ్మగారిది ఒప్పే. అగ్గిపుల్లల ఇంటి విషయంలో తప్పే. ఇక అబద్ధం అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోవలసిందే. ఎందుకనగా తమరి పోటీల్లో ‘కథ ముగింపు మార్చి చెప్పండి’ అని ఒకటి ఉన్నది. మీ కాగితంలో దానికి అబద్ధం అని పేరు పెట్టలేదు, బహుమతి పెట్టారు. అందులో మా ఆవిడ పేరు రాసుకోవలెను. నా బల్లకు బహుమతి అక్కర్లేదు. గ్రంథాలయం ఆయన్ను లేపి దాన్ని ఇంటికి పంపించండి, ఆవిడకు నేల మీంచి లేవడం కష్టంగా ఉంది.

ఆ పోటీకి గడువు శనివారమట. చాలదు, పొడిగించవలెను. గుట్టు బయటపడింది గనక ఇక పుస్తకం మూసేస్తుందనుకున్నాను. సాయంత్రం మామూలుగానే కళ్లజోడు పెట్టుకుంది, పేజీ తిప్పింది, “వింటున్నావా?” అంది. నేను పేకాటకు పోలేదు, విన్నాను. వడ్రంగికి బల్ల పని అయిపోయింది. ఇప్పుడు వంటగదికి కిటికీ మొదలుపెట్టాడు.

మా వంటగదికీ కిటికీ లేదు. పొద్దున్నే గోడకు కొలతలు తీసుకున్నాను.