సిక్స్త్ ఫామ్‌లో మొదటి రోజుకి

తామ్సిన్,

ఇవాళ కొత్త పిల్లలు ఎక్కువ, అందుకని బడి వంటగదికి ముందే వెళ్తున్నాను. బడిలో ఈ ఆఖరి రెండేళ్లూ, సిక్స్త్ ఫామ్‌లో, యూనిఫారం లేదని జీన్స్ వేసుకోకు, గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపేస్తారు. నీలం కోటు ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించాను. నల్ల బూట్లే వేసుకో. గుర్తింపు కార్డు మెడలోనే ఉండాలి. మధ్యలో ఖాళీ పీరియడ్లు వస్తాయి. అవి ఇంటికొచ్చి పడుకోవడానికి కాదు, లైబ్రరీలో కూర్చో. చదివావా లేదా అని ఇక ఎవరూ వెంటపడి అడగరు.

తడి తువ్వాలు మళ్ళీ మంచం మీదే పడేశావు. పోనీలే.

నిన్న ట్రూరో బజారులో ఈ కోటు కొంటుంటే నీ స్నేహితురాలు మెరిన్ ఎదురైంది. నేను అలవాటుగా పక్కకి తప్పుకున్నాను. బడిలో పలకరించొద్దని నువ్వన్నావని, ఇన్నేళ్లూ భోజనాల వరసలో నువ్వెవరో తెలియనట్టే వడ్డించాను కదా. నువ్వేమో నా చెయ్యి పట్టి లాగి, "మా అమ్మే! బడిలో మనకి రోజూ వండిపెట్టేది ఈవిడే" అన్నావు. నాకు చాలా సంతోషమేసింది తల్లీ.

అమ్మ

ఇవాళ మధ్యాహ్నం వరసలో నేనే ముందు పలకరిస్తాను. గట్టిగానే.